హలాల్ చైనీస్, థాయ్ హోటల్‌కు స్నేహితుడి కుటుంబాన్ని తీసుకెళ్తున్నాను, ముందుగా ఏమేం అడగాలి?

మిర్యాలగూడ మిల్లు గుమాస్తా:

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. ఇరవై రెండేళ్ళుగా ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. అదే మిల్లులో ఫిట్టర్‌గా పనిచేసే మా భాయ్, నేను పందొమ్మిదేళ్ళుగా మధ్యాహ్నం ఒకే బెంచీ మీద కూర్చొని టిఫిన్ డబ్బాలు విప్పుకుంటాం. మా ఇంటి పప్పు ఆయనకు, ఆయన ఇంటి ఖట్టా సాలన్ నాకు. ఇప్పుడు ఆయన పెద్దమ్మాయికి నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. ఆ పిల్ల ఇంటర్ చదివేటప్పుడే నేను మాటిచ్చాను, సీటొస్తే నువ్వు ఏది తినాలంటే అది, ఎక్కడంటే అక్కడ అని. మొన్న అడిగితే సిగ్గుపడుతూ చెప్పింది: "చాచా, టామ్ యమ్ సూప్ తాగాలని ఉంది. ఫోన్‌లో చూడటమే గానీ ఎప్పుడూ తాగలేదు."

మా ఊళ్ళో గానీ నల్లగొండలో గానీ థాయ్ వంట దొరకదు. హైదరాబాద్‌లో 'హలాల్ చైనీస్ అండ్ థాయ్' అని బోర్డున్న హోటళ్ళు రెండు మూడు కనబడ్డాయి. రెండు కుటుంబాలూ కలిపి ఏడుగురం. ఆదివారం బండి మాట్లాడుకొని నార్కట్‌పల్లి మీదుగా వెళ్ళాలని ఆలోచన.

నా భయం ఏమిటో చెప్తాను. మూడేళ్ళ కిందట మా అబ్బాయి బీటెక్ పాసైనప్పుడు ఇలాగే వాళ్ళను హైదరాబాద్‌లో ఒక చైనీస్ హోటల్‌కు తీసుకెళ్ళాను. పేరు అనవసరం. కూర్చోగానే అడిగాను, హలాలేనా అని. "హలాల్ చికెనే సార్" అన్నాడు సర్వర్. నేను ధైర్యంగా ఆర్డర్ చెప్పాను. ఆ హోటల్‌లో వంటగది అద్దంలోంచి కనబడుతుంది. వంటాయన మూకుడులో చికెన్ ఎగరేస్తూ పక్కనున్న సీసా తీసి ఒక గరిటెడు పోశాడు. సీసా మీద వైన్ అని ఉంది. నేను చూడలేదు. భాభీ చూసింది. ప్లేట్లు వచ్చాక వాళ్ళు నలుగురూ తెల్లన్నం, ఉల్లిగడ్డ ముక్కలు తిని చాలన్నారు. భాయ్ చెంచా ఎడమ పక్కన బోర్లా పెట్టి, "కడుపు బాగాలేదన్నా, మీరు కానివ్వండి" అన్నాడు. నేను నమ్మాను. అసలు సంగతి నాలుగు రోజుల తర్వాత మా ఆవిడ ద్వారా తెలిసింది, భాభీ ఆమెతో చెప్పిందట. నా ముఖం చిన్నబోతుందని వాళ్ళు ఆకలితో నూట నలభై కిలోమీటర్లు తిరిగొచ్చారు. అది తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఈసారి అలా జరగకూడదు. అందుకే అడుగుతున్నాను. బోర్డు మీద హలాల్ అని ఉంటే సరిపోతుందా? ఫోన్ చేసి ఏం అడగాలి? థాయ్ వంటలో వేసే సాస్‌లు వాళ్ళకు పనికొస్తాయా? ఇంకోటి, మా ఆవిడ పెద్దకూర ముట్టదు, అది వండిన మూకుడులో వండినా తినదు. ఈ రెండూ ఒకే చోట కుదురుతాయా? తెలిసినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

నార్కట్‌పల్లి వాసి:

అన్నా, ఇంత టెన్షన్ ఎందుకు? మంచి బిర్యానీ హోటల్‌కు తీసుకుపోండి. అందరికీ తెలిసిన తిండి, ఎవరికీ అనుమానం ఉండదు. అంత దూరం పోయి తెలియని సాస్‌ల గురించి విచారించుకోవడం కంటే అదే నయం.

మిర్యాలగూడ మిల్లు గుమాస్తా:

మీ మాట సబబే తమ్ముడూ. కానీ బిర్యానీ వాళ్ళింట్లో ప్రతి పండుగకీ తింటాం, భాభీ చేతి బిర్యానీకి ఏ హోటల్ సరిపోదు. పిల్ల నోరు తెరిచి అడిగింది సూప్. రెండేళ్ళు హాస్టల్‌లో ఉండి నీట్‌కు చదివింది, ఏదీ అడిగిన పిల్ల కాదు.

దుబాయ్ వోక్ మాస్టర్, మక్తల్:

అన్నా, మీకు జవాబు చెప్పాల్సినవాణ్ణి నేనే. మాది మక్తల్ దగ్గర పల్లె. దుబాయ్‌లో డేరా ఏరియాలో ఒక చైనీస్, థాయ్ హోటల్‌లో పదకొండేళ్ళు పనిచేశాను. గిన్నెలు కడగడంతో మొదలుపెట్టి కటింగ్‌కు, అక్కడినుంచి వోక్, అంటే చైనా మూకుడు, మీదికి వచ్చాను. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో సొంతంగా ఫాస్ట్‌ఫుడ్ బండి నడుపుతున్నాను. నేను ముస్లింను కాదు, కానీ పదకొండేళ్ళు హలాల్ వంటగదిలోనే వండాను, అందుకని లోపల ఏం జరుగుతుందో తెలుసు.

మొదటి మాట. మీ సర్వర్ అబద్ధం చెప్పలేదన్నా. చికెన్ హలాలే అయి ఉంటుంది. కోడిని బిస్మిల్లా చెప్పి కోసి ఉంటారు. కానీ హలాల్ చికెన్‌లో వైన్ పోస్తే ఆ కూర హలాల్ కాదు. మన దగ్గర చాలా హోటళ్ళు 'హలాల్' అనేది మాంసం వరకే అనుకుంటాయి. మీరు అడగాల్సింది మాంసం గురించి ఒక్కటే కాదు, సీసాల గురించి.

చైనా వంటలో వాడేది షావోషింగ్ వైన్. బియ్యంతో చేస్తారు, షావోషింగ్ అనేది ఊరి పేరు. మామూలుగా ఆల్కహాల్ 15 శాతం అటూ ఇటూ ఉంటుంది. మాంసం నీచువాసన పోవడానికి వేస్తారు. "మంట మీద ఆల్కహాల్ ఎగిరిపోతుంది సార్" అని కొందరు మాస్టర్లు చెప్తారు, నమ్మకండి. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళ పట్టిక ప్రకారం పావుగంట ఉడికించినా 40 శాతం మిగులుతుంది. వోక్ మీద కూర అయ్యేది రెండు నిమిషాల్లో. అయినా అది లెక్కల గొడవ. తినేవాళ్ళకు అందులో పోశారా లేదా అన్నదే ముఖ్యం.

ఇప్పుడు బయటివాళ్ళకు తెలియని సంగతి చెప్తాను. చైనీస్ వంటగదిలో మాంసం ముక్కలను పొద్దున్నే కలిపి పెడతారు. కార్న్‌ఫ్లోర్, గుడ్డు తెల్లసొన, సోయా సాస్, వైన్ వాడేచోట వైన్ కూడా. ఇది పొద్దున పదింటికే అయిపోతుంది. రాత్రి మీరు వెళ్ళి "మా ప్లేట్‌లో వైన్ వేయొద్దు" అని చెప్తే, మాస్టర్ సరే అని సీసా ముట్టుకోడు. కానీ ముక్కలోనే ఉంది కదా! కాబట్టి "వైన్ లేకుండా చేస్తారా" అని అడగొద్దు. "మీ వంటగదిలో వైన్ సీసా ఉందా" అని అడగండి. ఉంది అంటే ఆ హోటల్ వదిలేయండి.

రెండోది వోక్. ఒక ఆర్డర్ అయ్యాక వోక్‌లో నీళ్ళు పోసి వెదురు బ్రష్‌తో రెండు తిప్పులు తిప్పి పారబోస్తారు, అంతే. సబ్బు పెట్టి కడగరు. గరిటె అదే. ముక్కలను ముందుగా ముంచి తీసే నూనె కూడా అన్నిటికీ ఒకటే. మీ ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. బీఫ్ నూడుల్స్ చేసిన వోక్‌లోనే చికెన్ నూడుల్స్ చేస్తారు. మెనూలో బీఫ్ అసలే లేని హోటల్ చూసుకోండి, హైదరాబాద్‌లో దొరుకుతాయి. లేదా ఆమెకోసం ఆవిరి మీద వండేవి చెప్పండి, అవి వోక్‌లోకి రావు.

మూడోది, ఎవరిని అడగాలి. బిల్లు దగ్గర కూర్చున్నాయనను కాదు. మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు ఫోన్ చేయండి. అప్పుడు లంచ్ అయిపోయి ఉంటుంది, డిన్నర్ మొదలై ఉండదు, మాస్టర్ ఖాళీగా ఉంటాడు. "చెఫ్‌కు ఇవ్వండి" అనండి. ఇవ్వకపోతే అక్కడికి వెళ్ళకండి. ఇస్తే ఒక్క మాట అడగండి: "వైన్ బదులు ఏం వాడతారు?" నిజంగా హలాల్ వంట చేసేవాడు ఆలోచించకుండా చెప్తాడు. మేమైతే చికెన్ స్టాక్‌లో అల్లం రసం, కొద్దిగా రైస్ వెనిగర్ వేసేవాళ్ళం. తడబడితే మీకే అర్థమవుతుంది.

థాయ్ వంటలో వైన్ గొడవ తక్కువ. అక్కడ ఉప్పదనం అంతా ఫిష్ సాస్‌ది. నెత్తళ్ళ లాంటి చిన్న సముద్రపు చేపలు, ఉప్పు కలిపి ఏడాదికి పైగా ఊరబెట్టి తీసిన రసం అది. చేపే కాబట్టి ఇబ్బంది లేదు. చూడాల్సింది రొయ్యల ముద్ద, 'కపి' అంటారు. రెడ్ కర్రీ, గ్రీన్ కర్రీ పేస్టుల్లో ఉంటుంది. ఆయిస్టర్ సాస్ కూడా చూడాలి, అది ఆల్చిప్పలతో చేసేది. వీటి గురించి ముస్లింలు ఎవరైనా చెప్తే బాగుంటుంది, నేను చెప్పడం పద్ధతి కాదు.

ఉర్దూ మీడియం టీచర్, నల్లగొండ:

అన్నయ్యా, మీ పోస్టు చదివి మా వారికి కూడా వినిపించాను. మీ భాయ్ కుటుంబం ఆ రోజు ఎందుకు నోరు విప్పలేదో నాకు బాగా అర్థమైంది. దావత్‌కు పిలిచినవారి ముందు "ఇది మాకు పనికిరాదు" అని చెప్పడం మాకు చాలా కష్టం. పిల్లలకు కూడా కళ్ళతోనే చెప్తాం. అందుకే అడిగే పని మీరు నెత్తిన వేసుకోవడం ఎంతో మంచి పని.

మక్తల్ అన్న వదిలేసిన మాట నేను చెప్తాను. మేం హనఫీలం, అంటే మత నియమాల్లో హనఫీ పద్ధతి పాటించేవాళ్ళం, మన తెలంగాణ ముస్లింలలో ఎక్కువమంది హనఫీలే. నీళ్ళలోవాటిలో మాకు చేప ఒక్కటే నిస్సందేహం. చేపకు జబహ్, అంటే అల్లా పేరు చెప్పి కోయడం, అక్కర్లేదు కూడా. పీత, ఆల్చిప్ప, స్క్విడ్ తినం. రొయ్య విషయంలో మాలోనే రెండు మాటలున్నాయి. 2018లో హైదరాబాద్‌లోని మత విద్యాసంస్థ జామియా నిజామియా వారు రొయ్య చేప కాదు, తినవద్దని ఫత్వా ఇచ్చారు. తినవచ్చనే ఉలమాలూ (మత పండితులు) ఉన్నారు. మా అమ్మగారింట్లో ఎండు రొయ్యల కూర ఇష్టంగా తినేవాళ్ళం, మా అత్తగారింట్లో వాసన కూడా రానివ్వరు. హైదరాబాద్ బార్కస్‌లో ఉండే అరబ్ కుటుంబాలు ఎక్కువగా షాఫయీ అనే ఇంకో పద్ధతివారు, వాళ్ళకు సముద్రంలోవి దాదాపు అన్నీ చెల్లుతాయి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, థాయ్‌లాండ్ దక్షిణాన ఉండే ముస్లింలు, మలేసియావాళ్ళు కూడా షాఫయీలే. అక్కడినుంచి వచ్చే ఆయిస్టర్ సాస్ సీసా మీద హలాల్ ముద్ర ఉంటుంది. ఆ ముద్ర వాళ్ళ లెక్కన పూర్తిగా నిజం. కానీ మీ భాభీకి అది సరిపోకపోవచ్చు. కాబట్టి హోటల్‌కు ఫోన్ చేసే ముందు భాభీకి చేయండి. మీ ఆవిడ చేస్తే ఇంకా మంచిది. "హలాల్ తింటారు కదా" అని కాదు, "మీ ఇంట్లో రొయ్య తింటారా, ఆయిస్టర్ సాస్ పర్వాలేదా" అని పేరు పెట్టి అడగమనండి. అలా అడిగితే జవాబు చెప్పడం సులువు. పుట్టగొడుగులతో చేసే వెజిటేరియన్ ఆయిస్టర్ సాస్ కూడా దొరుకుతుంది, చాలా హోటళ్ళలో ఉంచుతారు.

సోయా సాస్ పులిసేటప్పుడు దానంతటదే కొంచెం ఆల్కహాల్ పుడుతుంది. దాన్ని చాలామంది మత పండితులు మద్యం కింద లెక్కపెట్టరు. మా ఇంట్లో వాడతాం. దీని గురించి మీరు దిగులు పడకండి.

ఇంకో రెండు చిన్న మాటలు. చివర్లో తెచ్చే జెల్లీలు, పుడ్డింగుల్లో వేసే జెలటిన్ ఏ జంతువుదో అడగండి. అలాగే మగ్రిబ్, అంటే పొద్దుగుంకగానే చేసే నమాజ్ వేళ చూసుకొని బయల్దేరండి. చలికాలం దగ్గరపడుతోంది కాబట్టి ఆరింటికల్లా ఆ వేళ అవుతుంది. హోటల్ దగ్గర మసీదు ఎక్కడుందో ముందే చూసిపెట్టి భాయ్‌కు మీరే చెప్తే ఆయనకు ఎంత సంతోషమో మీరు చూస్తారు. ఆడవాళ్ళు నమాజ్ చదువుకోవడానికి ఒక మూల దొరికితే చాలు.

అమ్మాయికి నా ముబారక్ చెప్పండి. మా స్కూల్ నుంచి కూడా ఒక పిల్ల ఈ ఏడు నీట్‌కు కూర్చుంది.

బ్యాంకాక్ నుంచి వచ్చిన వనపర్తి కుర్రాడు:

బాబాయ్, నేను రెండేళ్ళు బ్యాంకాక్‌లో ఉద్యోగం చేశాను. అక్కడ నా రూమ్మేట్ కర్నూలు ముస్లిం అబ్బాయి. వాడితో కలిసి తినాలంటే హలాల్ చోటే వెతుక్కోవాలి, అందుకని అలాంటి హోటళ్ళే ఎక్కువ తిరిగాను. థాయ్‌లాండ్‌లో మామూలు హోటళ్ళలో పంది మాంసం దాదాపు ప్రతిదానిలో ఉంటుంది. కానీ పట్టాని, యాలా, నరాథివాట్ అనే దక్షిణాది జిల్లాల్లో ముస్లింలే ఎక్కువ, వాళ్ళ హోటళ్ళు బ్యాంకాక్‌లోనూ ఉన్నాయి. తల మీద హిజాబ్ సర్దుకుంటూ ఆడవాళ్ళే వోక్ దగ్గర నిలబడతారు.

మీరు మస్సమాన్ కర్రీ తప్పకుండా చెప్పండి. ఆ పేరే ముసల్మాన్ అనే మాట నుంచి వచ్చిందంటారు. దాల్చినచెక్క, యాలకులు, లవంగాలు, జాజికాయ వేస్తారు, మిగతా థాయ్ కూరల్లో ఇవి ఇంతగా ఉండవు. కొబ్బరిపాలు, ఆలుగడ్డ, పల్లీలు పడతాయి, కారం తక్కువ. పెద్దవాళ్ళకు బాగుంటుంది. ఖావ్ మోక్ కై అని పసుపు వేసి చేసే వాళ్ళ చికెన్ బిర్యానీ కూడా ఉంది, దొరికితే రుచి చూడండి. పద్ థాయ్ అయితే బియ్యపు నూడుల్స్, చింతపండు, తాటిబెల్లం, పల్లీల పొడి, అన్నీ మనకు తెలిసినవే. అందులో ఎండు రొయ్యలు చల్లుతారు, వద్దని చెప్పాలి. టామ్ యమ్‌లో కూడా రొయ్యలది కాకుండా చికెన్‌ది, టామ్ యమ్ కై, అడగండి. ఎర్రగా కనబడటానికి వేసే మిరప ముద్దలో కూడా ఎండు రొయ్యలుంటాయి. అది లేకుండా తేటగా చేసే రకం ఉంది, నాకైతే అదే ఇష్టం.

పిన్ని కోసం ఒక విషయం. పద్ క్రపావ్ అని ఒక వేపుడు చాలా పేరున్నది. అందులో వేసే ఆకు మన తులసే. అచ్చం అదే మొక్క. పిన్నికి అభ్యంతరం ఉండొచ్చు, మా అమ్మకు చెప్తే చెవులు మూసుకుంది. గ్రీన్ కర్రీలో వేసేది వేరే, అది ఫలూదాలో వేసే సబ్జా గింజల మొక్క జాతి. దానితో ఏ ఇబ్బందీ లేదు.

చైనీస్‌లో అడిగేది ఉంటే లాన్‌జౌ బీఫ్ నూడుల్స్ అనే ముస్లింల వంట చాలా గొప్పది, కానీ పిన్ని ఉంది కాబట్టి ఈసారికి వద్దులెండి. చైనాలో హుయ్ ముస్లింలు దాన్ని చేతితోనే సాగదీసి చేస్తారు. వాళ్ళ హోటళ్ళ బోర్డు మీద 'చింగ్‌జెన్' అని ఉంటుంది, చైనాలో హలాల్‌కు అదే మాట.

మిర్యాలగూడ మిల్లు గుమాస్తా:

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఎక్కడో ఉన్నవాళ్ళు సొంత ఇంటి పనిలా ఇంత వివరంగా రాశారు. మీరు చెప్పినవన్నీ మిల్లు డైరీలో ఒక పేజీలో రాసుకున్నాను.

టీచరమ్మ చెప్పినట్టు ముందు మా ఆవిడ భాభీకి ఫోన్ చేసింది. పేరు పెట్టి అడిగితే పేరు పెట్టే చెప్పింది: రొయ్య తినరు, ఆయిస్టర్ సాస్ వద్దు, చేప ఎంతైనా తింటారు. పందొమ్మిదేళ్ళుగా పక్కన కూర్చొని తింటున్నాను, వాళ్ళు రొయ్య తినరని నాకు ఇప్పుడే తెలిసింది. మేం ఎండు రొయ్యలు వేసిన సొరకాయ కూర తెచ్చిన రోజు భాయ్ ఆ కూర ముట్టుకోకపోవడం గుర్తొచ్చింది. సొరకాయ పడదేమో అనుకునేవాణ్ణి.

తర్వాత నాలుగింటికి ఫోన్లు. మొదటి హోటల్‌లో చెఫ్‌ను ఇవ్వమంటే "సార్, మాది హండ్రెడ్ పర్సెంట్ హలాల్, బోర్డు చూడలేదా" అన్నారు. పెట్టేశాను. రెండోచోట చెఫ్ వచ్చాడు. ఈశాన్యం కుర్రాడట, హిందీలో మాట్లాడాడు. వైన్ బదులు ఏం వాడతారంటే వెంటనే చెప్పాడు, "అల్లం నీళ్ళు, స్టాక్, కొంచెం వెనిగర్" అని. మక్తల్ తమ్ముడూ, నీ మాటే ఆ నోట విన్నట్టు ఉంది. బీఫ్ మెనూలో లేదు. మస్సమాన్ పేస్ట్ వాళ్ళే నూరుతారట, రొయ్యల ముద్ద వేయకుండా ముందు రోజు విడిగా నూరి పెడతానన్నాడు. ఏడుగురికి బుక్ చేశాను. వెళ్ళొచ్చాక రాస్తాను.

మిర్యాలగూడ మిల్లు గుమాస్తా:

వెళ్ళొచ్చాం. రెండు వారాలైంది, మిల్లులో ధాన్యం సీజన్ మొదలై తీరిక దొరకలేదు, మన్నించండి.

చౌటుప్పల్ దాటాక ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. అయినా మగ్రిబ్‌కు ముందే చేరాం. హోటల్ నుంచి రెండు సందుల అవతల మసీదు ఉందని ముందే చూసి పెట్టాను. "భాయ్, మీరు నమాజ్ చేసుకొని రండి, ఆర్డర్ అప్పుడే చెప్దాం" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసి ఒక నిమిషం నిలబడి వెళ్ళాడు. భాభీకి, అమ్మాయికి మేనేజర్ పైన ఒక గది చూపించాడు.

నేను డైరీ పేజీ తీసుకొని వంటగది గుమ్మం దాకా వెళ్ళాను. చెఫ్ బయటికి వచ్చి, నేను అడక్కముందే సాస్ సీసాలు ఒక్కొక్కటే చూపించాడు. ఫిష్ సాస్ సీసా మీద అరబీ అక్షరాల హలాల్ ముద్ర ఉంది. ఆయిస్టర్ సాస్ పుట్టగొడుగులదే. ఆ సీసాల ఫోటోలు తీసి టేబుల్ దగ్గర భాభీకి ఇచ్చాను. ఆమె ప్రతి ఒక్కటీ పెద్దది చేసి చదివింది. చదవడం అయిపోయాక దుప్పట్టా సర్దుకొని కుర్చీ ముందుకు జరుపుకుంది. నాకు అప్పుడు ఊపిరి ఆడింది.

సూప్ ముందు వచ్చింది. చికెన్‌ది, తేటది. నిమ్మగడ్డి కాడలు, అల్లం లాంటి గలాంగల్ అనే దుంప ముక్కలు, ఒక రకం నిమ్మ ఆకులు తేలుతున్నాయి. అవి తినేవి కావు, పక్కన పెట్టాలని పిల్లే మాకు చెప్పింది. మొదటి చెంచా తాగి కళ్ళు మూసుకుంది. ఎలా ఉందమ్మా అంటే జవాబు లేదు, ఇంకో చెంచా. భాయ్ తాగి, "అన్నా, ఇది మన పచ్చిపులుసుకు చుట్టంలా ఉంది" అన్నాడు. నిజమే. పులుపు నాలుక మీద పడే తీరు అదే, వాసనే వేరు.

మస్సమాన్ గిన్నె భాభీ ముందే పెట్టించాను. ఒక ముక్క నోట్లో పెట్టుకొని, లోపల ఏమేం ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టింది. దాల్చిన, ఇలాచీ, లవంగం, జాజికాయ. "ఇంత దూరం దేశంలో మా మసాలా ఎట్లా పోయింది భయ్యా?" అని నన్నడిగింది. వనపర్తి బాబు చెప్పిన పేరు సంగతి చెప్పాను. ఆమె ఆ మాట మళ్ళీ పలికి చూసుకుంది, మస్సమాన్, మస్సమాన్ అని.

నేను బియ్యం మనిషిని కాబట్టి అన్నం గురించి రాయకుండా ఉండలేను. జాస్మిన్ రైస్ అని తెచ్చారు. పొడుగు గింజ, మన సన్నాల కంటే కొంచెం మెత్తన, కొద్దిగా అంటుకుంటుంది, పాత బియ్యం అన్నంలా పొడిపొడిగా రాదు. గిన్నె మూత తీయగానే ఆవిరిలో ఒక తీపి వాసన. సాగర్ ఎడమ కాలువ కింద మేం ఆడించే రకాలు వేటికీ ఆ వాసన లేదు. స్టిక్కీ రైస్ కూడా అడిగి చూశాను. దాన్ని ఎసట్లో వేసి ఉడికించరట, నానబెట్టి ఆవిరి పడతారు. ముద్ద చేసి పట్టుకుంటే చేతికి అంటదు, కానీ గింజకు గింజ వదలదు. భాయ్, నేను ఆ ముద్దను లైటు కింద పెట్టి చాలాసేపు చూశాం, పిల్లలు తొందరపెట్టేదాకా.

మా ఆవిడకు ఆవిరి మీద వండిన చేప చెప్పాం, పైన నిమ్మరసం, వెల్లుల్లి, పచ్చిమిర్చి. బీఫ్ లేని వంటగదే అయినా ఆమె తృప్తి కోసం. చివరికి ఆ చేప ఆమె కంటే భాయే ఎక్కువ తిన్నాడు. ముల్లు వరకు ఒలిచి తిన్నాడు. నేను నా పళ్ళెం మరిచిపోయి ఆయన చెంచానే చూస్తున్నాను. మూడుసార్లు వడ్డించుకున్నాడు. పద్ థాయ్ మాత్రం మా ఎవరికీ అంతగా నచ్చలేదు, తీపి ఎక్కువైంది. చిన్నబ్బాయి మామూలు చికెన్ నూడుల్స్ తిని దాంతోనే సంతోషపడ్డాడు. మామిడిపళ్ళు, స్టిక్కీ రైస్ కలిపి ఇచ్చే తీపి వంటకం ఉంటుందట, మామిడి కాలం కాదు కాబట్టి దొరకలేదు. దాని బదులు కొబ్బరిపాల ఐస్‌క్రీమ్, పైన వేయించిన పల్లీలు. కొల్లాపూర్ మామిడి వచ్చేసరికి మళ్ళీ వెళ్ళాలని పిల్లలు ఇప్పటినుంచే అంటున్నారు.

బిల్లు 4,860 అయింది. భాయ్ జేబులో చెయ్యి పెడితే పట్టుకున్నాను. అప్పుడు ఆయన మొదటిసారి ఆ పాత రోజు గురించి ఎత్తాడు. "ఆ రోజు చెప్పకపోవడం మాదే తప్పన్నా. మీరు బాధపడతారని." నేను, "చెప్పకపోతేనే ఎక్కువ బాధపడ్డాను భాయ్" అన్నాను. ఇకమీదట మా డబ్బాలో రొయ్య ఉన్న రోజు ముందే చెప్పాలని, ఆయన డబ్బాలో పెద్దకూర ఉన్న రోజు ముందే చెప్పాలని అనుకున్నాం. నిజానికి ఆయన ఎప్పుడూ చెప్తూనే ఉన్నాడు. చెప్పనిది నేనే.

వచ్చేటప్పుడు అమ్మాయి చెఫ్‌ను నిమ్మగడ్డి గురించి ఏదో అడుగుతుంటే, అతను లోపలికి వెళ్ళి నాలుగు పచ్చి కాడలు కాగితంలో చుట్టి తెచ్చిచ్చాడు, నీళ్ళలో పెడితే వేళ్ళు వస్తాయని. రెండు వాళ్ళింట్లో, రెండు మా ఇంట్లో గ్లాసులో పెట్టాం. మావాటిలో ఒకదానికి తొమ్మిదో రోజున తెల్లటి వేళ్ళు కనబడ్డాయి, ఇప్పుడు బొటనవేలంత పొడుగున్నాయి. భాయ్ ఇంట్లో రెండూ బతికాయి. అమ్మాయి కాలేజీకి వెళ్ళేలోపు ఇంట్లోనే ఒకసారి ఆ సూప్ కాచాలని భాభీ పట్టుదల.

మక్తల్ తమ్ముడూ, ఇవి కుండీలోకి ఎప్పుడు మార్చాలి? మా దగ్గర నల్లమట్టి, నీళ్ళు నిలబడతాయి. ఇసుక కలపాలా?

దుబాయ్ వోక్ మాస్టర్, మక్తల్:

ఇప్పుడే మార్చేయండన్నా. మూడో వంతు ఇసుక, కొంచెం పశువుల ఎరువు కలపండి, కుండీ అడుగున రంధ్రం పెద్దది చేయండి. ఎండ బాగా తగలాలి. నిలవనీరు ఉంటే కాడ మొదట్లో కుళ్ళుతుంది. ఒక పిలక నుంచి ఏడాదికి పొద అవుతుంది. సూప్‌కు కోసేటప్పుడు పై ఆకు కాదు, మొదట్లో తెల్లగా ఉండే జానెడు కాడ కోయండి, కత్తి పిడితో రెండు దెబ్బలు కొట్టి వేయండి. అప్పుడే వాసన దిగుతుంది. భాభీకి చెప్పండి.